పెరటి కోళ్ళు పట్టపగలే పోతున్నాయా? వల కొనేముందు ఇది చదవండి

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. మంగళగిరి దగ్గర నవులూరులో 15 సెంట్ల స్థలంలో ఇల్లు. పదిహేను నాటు పెట్టలు, రెండు పుంజులు. పొద్దున్నే గూడు తలుపు తీస్తే చీకటి పడేదాకా పెరట్లోనే తిరుగుతాయి. మీరిద్దరూ తొమ్మిదింటికి ఉద్యోగాలకి వెళ్ళిపోతారు, ఇంట్లో అమ్మగారు ఒక్కరే ఉంటారు. పిల్లలకోడి దగ్గర పన్నెండు పిల్లలకి నాలుగే మిగిలాయి. అన్నీ తొమ్మిదికీ పదకొండుకీ మధ్యే, ఈక కూడా దొరక్కుండా పోయాయి. పోయిన వారం ఒక పెట్ట వెనకవైపు కంప పక్కన మెడ కొరికి పడి ఉంది. స్థలం మొత్తానికి పైన వల కప్పించాలా, ముంగిసకి బోను పెట్టాలా, గిన్నీకోళ్ళు తెచ్చుకుంటే కాపలా కాస్తాయా అని అడిగారు.

స్థలం మొత్తానికీ పైన వల కప్పించొద్దు. బోను అసలే వద్దు. గిన్నీకోళ్ళ సంగతి చివర్లో చెబుతాను. మిగిలిన నాలుగు పిల్లల్నీ తల్లితో సహా ఇవాళే గంప కిందో, వల వేసిన చిన్న గూట్లోనో పెట్టేయండి. మిగతాది నిదానంగా చదవొచ్చు.

మీ పెరటికి వస్తున్న దొంగ ఒకడు కాదు, కనీసం ఇద్దరు. ఒకడు పైనుంచి, ఒకడు కిందనుంచి. తంటా ఎక్కడంటే, పైనవాడి నుంచి కోడిని కాపాడేది గుబురు. కిందవాడు దాక్కునేది కూడా ఆ గుబురులోనే. గద్ద భయంతో పెరడంతా మొక్కలు పెంచినవాళ్ళు ముంగిసకి పెట్టల్ని పోగొట్టుకుంటారు. పాములు, ముంగిసలు వస్తున్నాయని మొత్తం చదును చేయించినవాళ్ళు నెల తిరక్కుండా పిల్లల్ని గద్దకి అప్పజెబుతారు. కాబట్టి ఏది కొనాలన్నా, ఏది కట్టాలన్నా ఎవరు వచ్చారో ముందు తేల్చుకోవాలి.

పిల్ల మాయమై, నెత్తురు చుక్క గానీ ఈక గానీ లేకపోతే మొదటి అనుమానం గద్ద మీదే. మన ఊళ్ళ మీద ఎప్పుడూ తిరిగే, తోక చివర చీలినట్టుండే నల్లగద్ద. అది ప్రధానంగా చెత్తా చెదారం, చచ్చినవి, చేపల మార్కెట్ వ్యర్థాలు తిని బతికే పక్షి. అయినా ఆరుబయట చిన్నపిల్ల కనపడితే వదలదు. కాళ్ళతో ఎత్తుకుని పోతుంది, మీ పెరట్లో కూర్చుని తినదు, అందుకే ఆనవాలు ఉండదు. పొద్దెక్కి నేల వేడెక్కితే గాలి పైకి లేస్తుంది. ఆ గాలి మీద అది రెక్క ఆడించకుండా గంటల తరబడి చుట్లు కొట్టగలదు. తొమ్మిది తర్వాతే పిల్లలు పోవడానికి ఇదొక కారణం. రెండో కారణం మీకే తెలుసు, ఆ టైముకి పెరట్లో మనిషి అలికిడి పోతుంది.

చెట్టు కిందో గోడ పక్కనో పీకిన ఈకలు ఒకే చోట పడి ఉంటే అది డేగ. మన వైపు తిరిగే చిన్న డేగ పావురమంతే ఉంటుంది. గద్దలా పైన తిరిగి టెన్షన్ పెట్టదు. మామిడి కొమ్మలోనో వేపచెట్టులోనో కదలకుండా కూర్చుని, నేలకి దగ్గరగా దూసుకొచ్చి పట్టేస్తుంది. దానికి పైన మెరిసే సీడీలు వేలాడదీసినా పెద్దగా పట్టదు, అది వచ్చే దారి ఆకాశం కాదు కాబట్టి. కాకిని కూడా తక్కువ అంచనా వేయకండి. మొదటి రెండు వారాల్లో పిల్లల మీదకి కాకులు జతగా వస్తాయి. ఒకటి తల్లిని రెచ్చగొట్టి పక్కకి లాగుతుంది, రెండోది పిల్లని పట్టేస్తుంది. పిల్లి అయితే రోజుకొకటి, దాదాపు ఒకే టైముకి తీసుకుపోతుంది. రెక్క ముక్కలో, కాళ్ళో ఏ మూలో దొరుకుతాయి. గుడ్లు పెంకుతో సహా మాయమైతే పాము గానీ ఉడుము గానీ. పెంకు పగిలి ఖాళీగా పడి ఉంటే ముంగిస, కాకి, కోతి, ఈ మూడింట్లో ఏదో ఒకటి. మీది కొండ కింద ఊరు కాబట్టి కోతుల్ని లెక్కలోకి తీసుకోక తప్పదు.

చచ్చిన పెట్ట సంగతికి వద్దాం. మెడ దగ్గరో తల వెనకో కొరికి, ఒళ్ళు దాదాపు అలాగే ఉండి, గుబురు వైపు ఈడ్చినట్టుంటే ముంగిస అనుకోవచ్చు. అది పగలే తిరిగే జంతువు, రెండు అంగుళాల సందు చాలు దూరడానికి. కుక్క పని ఇలా ఉండదు. కుక్కలు పడితే పెరడంతా ఈకలు ఎగిరిపడి ఉంటాయి, ఒకటి కాదు మూడో నాలుగో చీల్చి పడేసి ఉంటాయి, తిని కూడా ఉండవు. జంగుపిల్లి అయితే పెట్టను అక్కడ వదలకుండా మోసుకుపోయే అవకాశమే ఎక్కువ. మీ దగ్గర వెనకంతా ఖాళీ ప్లాట్లు, సర్కారు తుమ్మ కంప. ఆ కంపలో ఇవన్నీ ఉండొచ్చు. ఖాయంగా తెలియాలంటే సాయంత్రం కంప వైపు నాలుగైదు అడుగుల మేర జల్లించిన బూడిదో మెత్తటి ఇసుకో పల్చగా చల్లించండి. మర్నాడు అడుగులు చూడండి. గుండ్రటి అడుగు, గోళ్ళ గుర్తు లేకపోతే పిల్లి. నాలుగు వేళ్ళు, ముందు గోళ్ళ గాట్లు ఉంటే కుక్క. చిన్న అడుగు, పొడవాటి గోళ్ళ గీతలు ఉంటే ముంగిస. పాత ఫోనుని కిటికీలో పెట్టి వీడియో తీసినా సరే.

ఇంకో మాట. పోయిన ప్రతి కోడినీ గద్ద ఖాతాలో వేయకండి. కొక్కెర తెగులు (రాణిఖేత్ అనే అంటురోగం) మొదలైన పిల్ల రెక్కలు వేలాడేసి మందతో నడవలేక వెనకబడుతుంది. వెనకబడిన పిల్లనే కాకీ, పిల్లీ ముందు పడతాయి. టీకాలు సక్రమంగా వేయించకపోతే ఆ పని ముందు చూసుకోండి.

ఇప్పుడు చేయాల్సిన పని. అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చేది, రూపాయి ఖర్చు లేనిది, కోళ్ళని వదిలే టైము మార్చడం. పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా మీరు ఇంట్లో ఉంటారు, గద్దలు ఇంకా గాలి మీదకి రావు. అప్పుడు వదలండి. మళ్ళీ సాయంత్రం నాలుగున్నర నుంచి మసక పడేదాకా. మధ్యలో నీడ ఉన్న దొడ్డిలో ఉంచండి. నాటుకోడి రోజంతా తిరగకపోతే గుడ్డు పెట్టదనే మాట చాలామంది అంటారు, నేనైతే ఒప్పుకోను. పెట్టలు ఎలాగూ గుడ్డు పెట్టేది ఎక్కువగా మధ్యాహ్నం లోపే. ఆ టైములో దొడ్డిలో ఉంటే గుడ్లు కంపలో పెట్టి పాడుచేసే బెడద కూడా పోతుంది. అమ్మగారు పదకొండింటికి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి గుడ్లు తీస్తే ఉడుముకీ పాముకీ పని ఉండదు. తీసేటప్పుడు మాత్రం గూట్లోకి నేరుగా చెయ్యి పెట్టొద్దని చెప్పండి. ముందు కర్రతో కదిపి చూసి తీయాలి. జెర్రిపోతు ఉంటే ఫరవాలేదు, అది ఎలకల కోసం వచ్చి ఉంటుంది. నాగుపాము కూడా అక్కడికే వస్తుంది. దొడ్డి చుట్టూ కలరా ఉండలు చల్లితే పాము రాదని ఎవరైనా చెబితే నమ్మకండి. రాత్రి తిండిగింజలు మిగల్చకుండా ఎత్తేస్తే ఎలకలు తగ్గుతాయి, ఎలకలు తగ్గితే పాములూ తగ్గుతాయి.

దొడ్డి విషయంలో మన ఎండల్ని మరిచిపోకూడదు. బెజవాడ, గుంటూరు వైపు రోహిణి కార్తెలో పైన రేకు వేసిన దొడ్డిలో మధ్యాహ్నం కోళ్ళని మూసి పెడితే గద్దతో పని లేకుండా అవే పోతాయి. పైన తాటాకు గానీ కొబ్బరి మట్టలు గానీ కప్పండి, పక్కలు పూర్తిగా గాలి ఆడే మెష్ ఉండాలి. అప్పటికే రేకు వేసేసి ఉంటే దాని మీద వరిగడ్డి పరిచి మధ్యాహ్నం రెండు బిందెల నీళ్ళు చల్లించండి.

పైన వల సంగతి. 15 సెంట్లంటే ఆరున్నర వేల చదరపు అడుగులు. అంత వలని బిగువుగా నిలబెట్టాలంటే స్తంభాలు, తీగలు, ఏడాదికోసారి రిపేర్లు. గాలివానకి ఒక్కసారి వంగిందంటే మీ పని అయిపోయినట్టే. అంతా కప్పాల్సిన అవసరం మీకు లేదు, ఎందుకంటే గద్ద బెడద పిల్లలకే గానీ పెద్ద పెట్టలకి కాదు. రెండు నెలలు దాటి ఒళ్ళు చేసిన నాటుపిల్ల జోలికి నల్లగద్ద సాధారణంగా రాదు. కాబట్టి పిల్లలకోడికి మాత్రం పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు దొడ్డి ఒకటి కట్టించి, పైన వల వేసి, రెండు నెలలు అందులోనే పెంచండి. నిజాంపట్నం వైపు మీకు తెలిసినవాళ్ళుంటే చేపల పాత వల అడగండి, పైకప్పుకి భేషుగ్గా పనికొస్తుంది. ఏ వల అయినా బిగువుగా లాగి కట్టాలి. వదులుగా వేలాడితే పిచ్చుకలూ పాములూ చిక్కుకుని చస్తాయి. దారాలు అడ్డంగా కట్టాలనుకుంటే మామూలు లావు నైలాన్ తాడు అడుగున్నర ఎడంలో కట్టండి. గాలిపటాల చైనా మాంజా మాత్రం తేవద్దు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దాన్ని దేశమంతా నిషేధించింది, పైగా అది మీ కోడి మెడనే కోస్తుంది.

వనరాజా, గ్రామప్రియ లాంటివి తెచ్చే ఆలోచన ఉంటే ఈ దొడ్డి మరీ అవసరం. హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే వాటిని తయారుచేసింది. నేలలో కలిసిపోయే రంగురంగుల ఈకలు వాటికి ఒక రక్షణ. కానీ అవి పొదిగేది తక్కువ, పిల్లలకి తల్లి ఉండదు. అందుకే మొదటి ఆరు వారాలు వెచ్చగా నర్సరీలో పెంచాకే పెరట్లోకి వదలమంటారు. నాటు తల్లి అలా కాదు. రెక్కలు విప్పి, ఈకలు నిక్కబొడుచుకుని గద్ద మీదకే ఎగరగలదు. అయినా పన్నెండు పిల్లలు పన్నెండు దిక్కులా పరిగెడితే అది మాత్రం ఏం చేస్తుంది.

పెద్ద కోళ్ళకి పెరట్లో కావాల్సింది అక్కడక్కడా దాక్కునే చోటు. ఎక్కడ నిలబడ్డా పదడుగుల్లో తల దాచుకునే వీలుండాలి. అరటి పిలకలు, కరివేపాకు, గోరింట, మోకాలెత్తులో వేసిన దొండ పందిరి, రెండు ఇటుకల మీద వాల్చిన పాత తలుపు, ఏదైనా సరే. ఇవన్నీ పెరడు మధ్యలో ఉండాలి. కంచె పక్కన మాత్రం ఆరడుగుల మేర పూర్తిగా శుభ్రంగా, గడ్డి కూడా లేకుండా ఉంచండి. ముంగిస, పిల్లి ఆరుబయట నేల దాటి రావడానికి తటపటాయిస్తాయి, వచ్చినా కోళ్ళు ముందే చూస్తాయి. పక్క ప్లాటు కంప మీది కాదు కాబట్టి నరకలేరు. ఓనరు ఫోన్ నంబరు దొరికితే అడిగి చూడండి, చాలామంది నరికించుకోండి అనే అంటారు.

వెనకవైపు ప్రహరీ లేదన్నారు. అక్కడ మామూలు కోళ్ళ జాలీ కడితే కోడి బయటికి పోకుండా ఆగుతుందే గానీ కుక్క లోపలికి రాకుండా ఆగదు, పళ్ళతో లాగితే చిరిగిపోతుంది. అడుగున రెండడుగుల ఎత్తు దాకా అరంగుళం కన్నాల వెల్డ్‌మెష్ (గట్టి ఇనుప తీగల జాలీ) వేసి, దాని పైన ఐదడుగుల దాకా జాలీ వేయించండి. ముంగిస, కుక్క రెండూ కింద తవ్వుతాయి. మెష్‌ని అడుగు లోతు పాతితే మంచిది. అంత పని వద్దనుకుంటే మన పల్నాడు నాపరాళ్ళు కంచె బయటి వైపు అడుగున వరసగా పరిచేయండి. తవ్వే జంతువు కంచె మొదట్లోనే గోకుతుంది, అక్కడ రాయి తగిలితే వెనక్కి జరిగి తవ్వాలనే ఆలోచన దానికి రాదు. గేటు కింద సందు చూశారా? కంచెకి అంత ఖర్చుపెట్టి గేటు కింద నాలుగంగుళాలు వదిలేసే ఇళ్ళు ఎన్నో. అక్కడా ఒక బండ వేయించండి.

కోళ్ళు కంప దాకా ఎందుకు పోతున్నాయో కూడా ఆలోచించండి. తిండి కోసం. పెరటి మధ్యలోనే చిన్న పెంటకుప్ప ఉంటే అక్కడే గోక్కుంటూ గంటలు గడుపుతాయి. పాత కుండలో ఎండుగడ్డి, పేడ కుక్కి కొంచెం తడిపి చెదలున్న నేల మీద బోర్లించండి. ఒకట్రెండు రోజుల్లో చెదలు పట్టి పిల్లలకి మంచి మేత అవుతుంది. తవుడు, నూకలు ఆరుబయట చల్లకుండా పందిరి కింద పెట్టండి. చేప తలలు, మాంసం కడిగిన వ్యర్థాలు పెరట్లో పారేయడం మానండి, గద్దకీ కాకికీ అదే పిలుపు. కాకులు కోళ్ళతో కలిసి తినడం ఇంకో రకంగా కూడా మంచిది కాదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఎన్ని కోళ్ళు పోయాయో అందరం చూశాం. పెరట్లో కాకి చచ్చి పడి ఉంటే చేత్తో ముట్టకుండా పశువైద్యశాలలో చెప్పండి.

ఇక బోను, మందు. ముంగిస, ఉడుము, గద్ద, డేగ అన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందకి వస్తాయి. చంపడమే కాదు, ఉచ్చు వేసి పట్టడం కూడా ఆ చట్టం ప్రకారం వేట కిందే లెక్క. పట్టుకెళ్ళి కొండ దగ్గర వదిలేస్తాను అన్నా కుదరదు. పురుగుమందు గుళికలు కలిపిన మాంసం పెట్టే ఆలోచన అయితే అసలు మనసులోకే రానివ్వకండి. దాన్ని ముందు తినేది పక్కింటి కుక్కో, మీ కోడో. కుక్కలకి విషం పెట్టడమూ నేరమే. ఇంకో సంగతి, కంప పక్కన ముంగిస తిరుగుతున్నంత కాలం మీ గడప దాకా వచ్చే పాములు కొన్నైనా తగ్గుతాయి.

జనం చెప్పే చిట్కాల్లో కొన్ని పనిచేస్తాయి, అయితే కొన్నాళ్ళే. పిల్లలకి గులాబీ రంగో పచ్చరంగో పూస్తే గద్ద రాదని పల్లెల్లో అంటారు. కొత్తలో జంకుతుందేమో గానీ రంగు వెలిసేలోపే అలవాటు పడుతుంది. మెరిసే రిబ్బన్లు, సీడీలు కూడా అంతే, వారానికోసారి చోటు మార్చకపోతే గద్ద వాటి పక్కనే కూర్చుంటుంది. చచ్చిన కాకిని కర్రకి కట్టేవాళ్ళున్నారు, రోగాల భయం ఉంది కాబట్టి వద్దు. వీటన్నిటికన్నా నాకు నమ్మకం ఉన్నది ఏట్రింత మీద. కొందరు పసులపోలిగాడు అంటారు, చీలిన తోక నల్లపిట్ట. గూడు పెట్టిన రోజుల్లో తన చెట్టు చుట్టుపక్కలకి కాకిని రానివ్వదు, గద్ద వస్తే దాని వీపు మీదకెక్కి పొడుస్తూ తరుముతుంది. మీ పెరట్లో చెట్టు మీద ఏట్రింత గూడుంటే ఆ కొమ్మ కొట్టించకండి.

పుంజు కూడా మంచి కాపలాదారే. పైన గద్ద కనపడితే అది సన్నగా సాగదీసి ఒక కూత కూస్తుంది, పెట్టలు కదలకుండా నక్కుతాయి లేదా నీడలోకి దూరతాయి. నేల మీద కుక్కో పిల్లో వస్తే కటకటమని ఆపకుండా అరుస్తుంది, పెట్టలు మెడలు నిక్కించి చూస్తాయి. ఈ రెండు కూతలూ వేరని అమ్మగారికి చెప్పండి, వంటింట్లో ఉండగానే ఆకాశం వైపు చూడాలో కంప వైపు పరిగెత్తాలో ఆవిడకే తెలిసిపోతుంది. సంక్రాంతి కోసం పుంజుని కాలికి తాడు కట్టి ఉంచే అలవాటు ఉంటే, కట్టేసిన పుంజు కుక్కకి సులువుగా దొరుకుతుంది. దొడ్డి లోపలే కట్టండి.

గిన్నీకోళ్ళు నిజంగానే అరిచి చెబుతాయి. కానీ వాటికి ఎగిరే ఓపిక ఎక్కువ, ఇల్లు దాటి పోతాయి, చెట్ల మీద నిద్రపోతాయి. ప్రతి స్కూటరుకీ, ప్రతి కొత్త మనిషికీ అరుస్తాయి. అరిచినా మధ్యాహ్నం ఇంట్లో అమ్మగారు ఒక్కరే, ఎన్నిసార్లని లేచి వస్తారు? పెద్ద తోటలకి అవి సరిపోతాయి గానీ పక్కపక్కన ఇళ్ళున్న 15 సెంట్లకి కాదు. మీకు కాపలా కావాలంటే నాటు కుక్కపిల్లని తెచ్చి కోళ్ళ మధ్యే పెంచండి, మొదటి ఏడాది మాత్రం వాటితో ఒంటరిగా వదలకండి. గిన్నీకోళ్ళకి పెట్టాలనుకున్న డబ్బుతో వెనకవైపు వెల్డ్‌మెష్ ఇంకో అడుగు పైదాకా వేయించుకోండి.